రాగి రేకుతో ఒంటిరెక్క మందారం: ప్రాజెక్టు డైరీ

ఎందుకు మందారం, ఎందుకు రాగి

ఈ పువ్వు అక్క గృహప్రవేశానికి. ముహూర్తం మాఘంలో. కొత్త ఇల్లు నాలుగో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలోకి ఎండ అంతగా రాదు, కుండీలో మందారం పెట్టినా మొగ్గలు నిలవడం కష్టమే. మా హనుమకొండ ఇంటి పెరట్లో మాత్రం ఒంటిరెక్క ఎర్రమందారం ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది. పెళ్లయి వెళ్లేదాకా అక్క దేవుడి పటాలకి పెట్టింది ఆ చెట్టు పూలే. అందుకే ఆ పువ్వునే చేసి ఇద్దామనుకున్నాను.

లోహపు పువ్వులు మనకేం కొత్త కాదు. తిరుమలలో అష్టదళ పాదపద్మారాధనలో స్వామికి 108 బంగారు పద్మాలు సమర్పిస్తారు. వాటిని ఇచ్చింది గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు. ఏ వెండి కొట్టుకి వెళ్లినా అష్టోత్తరానికి 108 వెండి పూల సెట్టు చూపిస్తారు. డైతో నొక్కిన పూలు కాబట్టి అన్నీ ఒకే తీరుగా ఉంటాయి, పూజకి అలా ఉండటమే బాగుంటుంది. నాకు కావాల్సింది వేరు. ఫలానా చెట్టుకి పూసిన ఫలానా పువ్వు కావాలి, అక్క చూడగానే గుర్తుపట్టాలి.

రాగిని ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. రాగికి పెయింటు అక్కర్లేకుండానే ఎరుపు వస్తుంది. ఆ సంగతి రంగు దగ్గరికి వచ్చినప్పుడు రాస్తాను.

పువ్వు విప్పి చూడటం

పొద్దున్నే విచ్చిన పువ్వొకటి కోసి, రెక్కలు ఒక్కొక్కటీ ఊడదీసి, గ్రాఫ్ కాగితం మీద పరిచి చుట్టూ పెన్సిలుతో గీశాను. రెక్కలు ఐదు. మనం బొమ్మ గీసేటప్పుడు వేసే సమానమైన గుండ్రటి రెక్క అందులో ఒక్కటి కూడా లేదు. ప్రతిదానికీ ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క ఇరుకు. అడుగు భాగం సన్నబడుతూ కొద్దిగా పక్కకి ఒరుగుతుంది.

దీనికి కారణం మొగ్గలో కనిపిస్తుంది. మందారం మొగ్గలో రెక్కలు మెలి తిరిగి ఉంటాయి. ప్రతి రెక్కకీ ఒక అంచు పక్క రెక్క మీద ఉంటే, రెండో అంచు అటుపక్క రెక్క కిందికి పోతుంది. ఐదూ ఒకదాన్నొకటి అలా పట్టుకుంటాయి, అన్నిటికన్నా పైది అని చెప్పడానికి ఏదీ ఉండదు. రాగిలో ఇదే పెద్ద చిక్కు అవుతుందని కాగితం మీదే అర్థమైంది. రేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఐదోది మిగతా నాలుగింటి పైకే వస్తుంది. దాని అంచు మొదటి రెక్క కిందికి దూరాలి.

మధ్యలో కాడ. దాని పై సగంలో చుట్టూ సన్నటి పోగులు, పోగు చివర పసుపు పుప్పొడి గుండు. కాడ కొసన ఐదు ఎర్రటి చుక్కలు. కింద ఐదు కొనల ఆకుపచ్చ గిన్నె, అంటే రక్షక పత్రాలు. దాని అడుగున ఇంకో ఆరేడు సన్నటి ఆకులు. బజారులో దొరికే బొమ్మ మందారాల్లో ఈ అడుగు ఆకులు ఎవరూ పెట్టరు. నేను పెడుతున్నాను.

రేకు

రాగి రేకు కిలోల లెక్కన దొరుకుతుంది. కొట్లో మందాన్ని గేజ్ నంబరుతో చెబుతారు, కానీ మిల్లీమీటర్లలో అడగడం మేలు. మన బజారులో సాధారణంగా నడిచేది బ్రిటిష్ గేజ్. అందులో 26 అంటే దాదాపు 0.46 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ల వీడియో చూసి 26 అని అడిగితే వాళ్ల లెక్కలో అది 0.4. చూడటానికి చిన్న తేడానే, సుత్తి కింద పెట్టాక మాత్రం బాగా తెలుస్తుంది. నేను తీసుకున్నది 0.46.

లెక్క ఇలా వేసుకున్నాను. ఒక్కో రెక్క వైశాల్యం సుమారు 30 చదరపు సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరు రాగి 9 గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. అంటే రెక్క పన్నెండు గ్రాముల పైచిలుకు, ఐదూ కలిపి అరవై చిల్లర. తొడిమ గిన్నె, రెండు ఆకులు, కత్తిరింపులో పోయేది అంతా వేసుకున్నా పావుకిలో రేకు సరిపోతుంది.

అట్టముక్క మీద నమూనా కత్తిరించి, దాన్ని రేకు మీద పెట్టి సూదిమొనతో గీత గీసి, రేకు కత్తెరతో కోయడమే. కత్తెరని చివరిదాకా మూయకూడదు. మూస్తే మూసిన చోటల్లా అంచు మీద చిన్న పన్ను లేస్తుంది, అక్కడే తర్వాత చీలిక మొదలవుతుంది. కోసిన అంచుని ఆకురాయితో, ఆపైన సాండ్ పేపర్‌తో వేలికి తగలనంత నున్నగా చేసుకున్నాను. ఈ పనికి కోయడానికి పట్టినదానికన్నా ఎక్కువ సేపే పట్టింది. పట్టాలి కూడా.

మేడ మీద గది, సాయంత్రం

వర్క్‌షాప్ అంటే మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న చిన్న గది. పాత ఇనుము కొట్లో కొన్న చిన్న దాగలి (రేకుని పెట్టి కొట్టే ఇనుప దిమ్మ), దాని కింద చెక్క మొద్దు, మొద్దు కింద రబ్బరు షీటు. రబ్బరు వేసింది కింది వాటాలో ఉండే పెద్దవాళ్ల మధ్యాహ్నం నిద్ర కోసం. తలుపు, కిటికీ రెండూ తెరిచి ఉంటేనే టార్చ్, అంటే గ్యాస్ మంట, వెలిగిస్తాను. నూలు బట్టలు, కళ్లజోడు, జుట్టు ముడి తప్పనిసరి. సింథటిక్ చున్నీతో మంట దగ్గరికి పోను.

ఇవాళ రేకుల్ని కాల్చి మెత్తబరిచాను. షీటుగా సాగదీసేటప్పుడే రాగి గట్టిపడి ఉంటుంది. మన సుత్తి దెబ్బకి ఇంకా గట్టిపడుతుంది. ఒక హద్దు దాటాక సాగడం మానేసి చీలుతుంది. టార్చ్ మంట రేకంతా తిప్పుతూ ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఈ ఎరుపు పగటి వెలుగులో కనపడదు, కనపడేసరికే ఎక్కువ కాలి ఉంటుంది. అందుకే పొద్దు వాలాక చేస్తాను. ఉక్కునైతే కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. రాగికి ఆ బెడద లేదు, నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. పైగా ముంచినప్పుడు నల్లటి పొర చాలావరకు దానంతటదే పెచ్చులూడిపోతుంది.

మిగిలిన నలుపుకి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు. చింతపండు పులుసు కూడా ఇదే పని చేస్తుంది, అమ్మ రాగి చెంబులు తోమేది దాంతోనే. ఒక జాగ్రత్త ఉంది. ఆ నీళ్లలో ఇనుప పట్టకారు ముంచకూడదు. ఇనుము తగిలితే నీళ్లలో కరిగి ఉన్న రాగి అక్కడి వస్తువుల మీద పూతగా దిగుతుంది. వెండి టంకం (కరిగించి అతకడానికి వాడే లోహం) పెట్టిన చోట అయితే గులాబి మచ్చ పడి, ఒక పట్టాన పోదు. చెక్క గరిటె చాలు.

పెంబర్తిలో ఒక మధ్యాహ్నం

హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గర పెంబర్తి. ఇత్తడి, రాగి రేకుల మీద నగిషీకి పేరున్న ఊరు. కాకతీయుల కాలం నుంచీ ఉన్న విద్య అని చెప్పుకుంటారు. గుడి తలుపుల తొడుగులు, వాహనాలు, కలశాలు, విగ్రహాల కవచాలు చేస్తారు. పెంబర్తి లోహశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేను వెళ్లింది రెక్క మీద ఈనెలు ఎలా లేపాలో చూడటానికి.

అక్కడ ఒక పెద్దాయన కలశం మీద తామర రేకులు లేపుతున్నారు. రేకు కింద గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్ద. అది దెబ్బకి కొంచెం లొంగుతుంది, కానీ పూర్తిగా దిగబడదు. కాబట్టి ఉలి ఎక్కడ ఆనితే అక్కడే రేకు వంగుతుంది, పక్కది కదలదు. ఆయన చేతిలో ఉలికి పదునే లేదు. కొస గుండ్రంగా, అద్దంలా మెరుస్తోంది. కోయడానికి కాదు, నొక్కడానికి.

నా సంచిలోంచి ఒక రెక్క తీసి చూపించాను. ఆయన దాన్ని వెలుగుకి పెట్టి, అంచు బొటనవేలితో తడిమి, "ఈ అంచుని ఏం చేస్తవు బిడ్డా?" అన్నారు. పట్టకారుతో వంపులు తిప్పుదామనుకుంటున్నానని చెప్పాను. తల అడ్డంగా ఊపి, రెక్కని చిన్న దాగలి మీద పెట్టి, సుత్తి సన్న ముఖంతో అంచు వెంబడి చిన్న చిన్న దెబ్బలు వేశారు. నడుముని ముట్టుకోలేదు. రెండు నిమిషాల్లో అంచు దానంతటదే అలలు తిరిగింది. "గంత జోరుగ కొట్టొద్దు. అంచు సాగాలె, చీలొద్దు. నడుమ జోలికి పోకు" అన్నారు.

ఈ డైరీ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అంచుని కొట్టినప్పుడు రాగి పలచబడి పొడవు పెరుగుతుంది. నడుము పాత కొలతలోనే ఉంటుంది. పెరిగిన పొడవుకి అంచు మీద చోటు చాలదు కాబట్టి అది పైకీ కిందికీ అలలుగా లేస్తుంది. ఎక్కువ గుడ్డని తక్కువ పొడవులోకి కుడితే కుచ్చిళ్లు పడ్డట్టే. అసలు పువ్వులో జరిగేదీ ఇదే. రెక్క విచ్చుకునేటప్పుడు నడుము కన్నా అంచు ఎక్కువ పెరుగుతుంది, అందుకే ఆ అలలు. పట్టకారుతో తిప్పిన వంపు మనం పెట్టినచోట, మనం పెట్టినంతే ఉంటుంది. కొట్టి పెంచిన అంచు తన వంపుని తనే వెతుక్కుంటుంది. పెద్ద అల మీద చిన్న అల కూడా వేసుకుంటుంది. ఐదు రెక్కలూ ఒకే చేత్తో, ఒకే సుత్తితో కొట్టినా ఏ రెండూ ఒకేలా రాలేదు. చెట్టు మీద కూడా అంతే కదా.

రెక్కలు: సుత్తి పని

ఈ వారమంతా రెక్కలే. వరస ఇది. ముందు ఈనెలు. గుగ్గిలం ముద్ద మీద రెక్కని బోర్లా పెట్టి, మొద్దు ఉలితో అడుగు నుంచి విసనకర్రగా గీతలు వేశాను. మందారం ఈనెలు అడుగున దగ్గరగా ఉండి, పైకి పోయేకొద్దీ చీలి, అంచుకి చేరేముందే సన్నగా మాయమవుతాయి. అందుకని దెబ్బ బలం కూడా అడుగున ఎక్కువ, పైకి పోతూ తక్కువ. ముద్ద నుంచి రెక్కని ఊడదీయడానికి టార్చ్‌తో కాస్త వెచ్చబెడితే చాలు. అంటుకున్న జిగురుని టర్పెంటైన్‌తో తుడవాలి.

తర్వాత మళ్లీ కాల్చి మెత్తబరచడం. తర్వాత చెక్కలో చెక్కిన గుంటలో పెట్టి, గుండ్రటి సుత్తితో నడుము లోతు. అన్నిటికన్నా చివర అంచు. అంచు పని ఆఖరున పెట్టడానికి ఒక లాభం ఉంది. ఆ దెబ్బలకి అంచు గట్టిపడి అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత ఎర్రగా కాల్చే పని ఇంకేదీ లేకుండా మిగతాదంతా ప్లాన్ చేసుకున్నాను. కాబట్టి రేపు అక్క దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా రెక్క వంగదు.

అంచు 0.2 దాకా పలచబడింది, వెర్నియర్‌తో కొలిచాను. అంతకన్నా పోవడం మంచిది కాదు, చెయ్యి కోస్తుంది. గిఫ్టు కాబట్టి అంచు చుట్టూ మళ్లీ సన్నటి సాండ్ పేపర్.

కాడ, పుప్పొడి

కాడకి 4 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ. పోగులకి కరెంటు పని చేసే తమ్ముడి దగ్గర పాత మల్టీస్ట్రాండ్ వైరు ముక్కలు తీసుకున్నాను. లోపలి రాగి పోగులు వెంట్రుకంత సన్నగా, చాలా శుభ్రంగా ఉంటాయి. పైనున్న ప్లాస్టిక్‌ని బ్లేడుతో ఒలవాలి, కాల్చకూడదు. ఆ పొగ ప్రమాదం.

రెండు తీగల మధ్య పోగుల్ని అడ్డంగా పేర్చి, తీగల్ని డ్రిల్ మిషన్‌కి తగిలించి మెల్లగా మెలిపెడితే పోగులన్నీ చుట్టూ విప్పారి నిలబడతాయి. ఆ మెలిని కడ్డీ పై సగం చుట్టూ చుట్టి, రెండు చివర్లా వెండి టంకం పెట్టాను. సన్నతీగల మెలికలు చూస్తే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వాళ్లు గుర్తొస్తారు. వాళ్లు వెండి తీగల్ని మెలిపెట్టి, అణచి, మొత్తం నగిషీని దాంతోనే అల్లుతారు. టంకానికి ముందు వెలిగారం (బోరాక్స్) నీళ్లతో అరగదీసి కుంచెతో పూయాలి. వెలిగారం లేకపోతే వేడికి రాగి మీద నల్లపొర కట్టి టంకం పారదు. వెండి టంకం కరిగే వేడికీ ఇత్తడి కరిగే వేడికీ మధ్య తేడా ఉంది కానీ మరీ ఎక్కువ లేదు. టంకం మెరిసి పారగానే మంట తీసెయ్యాలి. ఇత్తడిని అదే పనిగా కాలిస్తే అందులోని జింక్ పొగగా లేస్తుంది. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇక గుండ్లు. ఈ పనిని ఎంతసేపు చేసినా విసుగు రాలేదు. మంటలో లోపలి నీలం మొన ఉంటుంది కదా, దాని కొస దాటాక వచ్చే చోటు అన్నిటికన్నా వేడి. పోగు కొసని అక్కడికి తెస్తే ముందు ఎర్రబడుతుంది, తర్వాత తెల్లగా మెరుస్తుంది, ఉన్నట్టుండి కొస తనలోకి తాను ముడుచుకుని గుండ్రటి పూసగా పైకి పాకుతుంది. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన బొట్టుని తలతన్యత గుండ్రంగా లాగేస్తుంది. పోగు సన్నం కాబట్టి చిన్న చేతి టార్చ్ సరిపోతుంది. పూస ఆవగింజలో సగం అవగానే పక్కకి తీయాలి. కాడ కొసన ఐదు చుక్కలకి కాస్త లావు తీగ వాడాను.

బిగింపు

రెక్కల్ని టంకంతో కలపకూడదని ముందే నిర్ణయించుకున్నాను. టంకం వేడికి రెక్క మళ్లీ మెత్తబడుతుంది, రంగు కూడా పోతుంది. అందుకని ఇత్తడి కడ్డీ కింది భాగానికి, నట్టు ఎక్కేలా, మర కోసే డైతో మర కోశాను. రెక్కల అడుగున రంధ్రాలు. ఐదు రెక్కల్నీ కడ్డీకి ఎక్కించి కింద నట్టు. దాన్ని కప్పుతూ తొడిమ గిన్నె, దాని కింద అడుగు ఆకులు, వాటి కింద ఇంకో నట్టు. కాడ ఆకారంలోకి ఆకురాయితో అరగదీసిన ఆ నట్టు కనపడీ కనపడనట్టుంటుంది.

ఐదో రెక్క అంచుని మొదటి రెక్క కిందికి దూర్చడం చేతి నేర్పు. నట్టు వదులుగా ఉంచి, ఐదింటినీ ఒకేసారి అరచేత్తో కొద్దిగా మెలితిప్పుతూ మొగ్గలా ముడవాలి. అప్పుడు అంచులన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ క్షణంలో దూర్చి వదిలితే విచ్చుకుంటూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మొగ్గలో ఎలా ఉంటాయో అలా పెడితేనే పువ్వుగా కుదిరాయి. సరిగ్గా కూర్చున్నాక వెనక నంబర్లు గీకి, మళ్లీ విప్పేశాను, రంగు కోసం.

రంగు

రాగిని శుభ్రంగా తోమి, నూనె మరక లేకుండా కడిగి, సన్నని మంట మీద నెమ్మదిగా వెచ్చబెడితే రంగులు వరసగా వస్తాయి. ముందు గడ్డిరంగు, తర్వాత నారింజ, తర్వాత గులాబి కలిసిన ఎరుపు, ఊదా, నీలం, ఆపైన వెలిసిన వెండిరంగు. రాగి మీద ఆక్సైడ్ పొర మందం పెరిగేకొద్దీ వెలుగు దానిమీద ఆడే ఆటే ఈ రంగులు. ఇది ఎర్రగా కాలే వేడికి చాలా తక్కువ, కాబట్టి అంచు గట్టితనం పోదు. మంట తీశాక కూడా రంగు ఒక మెట్టు ముందుకి పోతుంది. కాబట్టి ఎరుపు కావాలంటే నారింజ ముదురుతుండగానే మంట పక్కకి. ముందు చిన్న ముక్కల మీద చేసి, పైన మైనం పూసి చూశాను. మైనం పూస్తే రంగు కాస్త దిగుతుంది, ఆ తేడా ముందే చూసుకోవాలి.

ఒంటిరెక్క మందారం గొంతు దగ్గర ఎరుపు బాగా ముదిరి ఊదాగా ఉంటుంది. రెక్క అడుగుకి ఇంకాస్త వేడి తగిలిస్తే రాగి కూడా అదే రంగుకి, అదే వరసలో పోతుంది. రాగి రంగుల క్రమంలో ఎరుపు పక్కనే ఊదా ఉండటం నా అదృష్టం. అమ్మని మేడ మీదికి పిలిచి చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మన చెట్టుదే కదే!" అంది.

తొడిమ గిన్నెకి, ఆకులకి పచ్చ కావాలి. వెనిగర్‌లో ఉప్పు కలిపి చల్లి, మూత ఉన్న డబ్బాలో పెడితే కొద్ది రోజుల్లో చిలుము పట్టింది. చిలుము విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోలేదు. ఎండాక రెండు చేతుల లాకర్ పూసి మూసేశాను. రెక్కలకి మాత్రం తేనెమైనం, టర్పెంటైన్‌లో కరిగించి, మెత్తటి గుడ్డతో.

ఇప్పటి పరిస్థితి

పువ్వు బిగింపు అయిపోయింది. పాత టేకు దూలం ముక్క ఒకటి పీఠంగా చేస్తున్నాను, నూనె ఆరాలి. పువ్వుతో పాటు చిన్న చీటీ పెడుతున్నాను: పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. రెక్కల్ని వేళ్లతో ముట్టుకోవద్దు, చెమట ఉప్పుకి మచ్చ పడుతుంది. చింతపండు, పీతాంబరి అసలే వద్దు, ఒక్క తోముడికి రంగంతా పోయి చెంబురంగు మిగులుతుంది. బావగారి అమ్మగారికి రాగి ఏది కనిపించినా తోమే అలవాటు, కాబట్టి ఆవిడకి నేనే నోటితో కూడా చెబుతాను.

మిగిలిన ముక్కలతో రెండు చిన్న ఆకులు, ఒక మొగ్గ వచ్చాయి. వదిన అప్పుడే తన వంతుకి నందివర్ధనం అడిగింది. అదీ ఐదు రెక్కల పువ్వే, రెక్కలు గాలిమర చక్రంలా ఒకే వైపు తిరుగుతాయి. తెలుపు కోసం జర్మన్ సిల్వర్ చూస్తున్నాను. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. రాగికన్నా గట్టిది కాబట్టి రేకు ఇంకా పలచన తీసుకోవాలి, మెత్తబరిచే పని కూడా ఎక్కువే పడుతుంది. 0.3 రేకు ముక్క ఒకటి తెప్పించాను. ముందు దాని అంచు ఎంతవరకు సాగుతుందో కొట్టి చూడాలి.